పాత కలంకారీ తెర వయసు ఎలా తేల్చుకోవాలి?

తిరుపతి నుంచి ప్రశ్న:
మా తాతగారి పెట్టెలో రెండు గజాల కలంకారీ తెర ఒకటి బయటపడింది. నడుమ పట్టాభిషేకం, చుట్టూ వరుసలుగా రామాయణ ఘట్టాలు, ఒక్కొక్క ఘట్టం కింద తెలుగు రాత ఉన్నాయి. పాత వస్తువులు కొనే ఒకాయన దీనికి నూట యాభై ఏళ్లుంటాయని చెప్పి అప్పటికప్పుడే ధర కట్టారు. ఆయన మాట నమ్మవచ్చునా? మడతల దగ్గరి మరకలను ఉతికించి పోగొట్టవచ్చునా?

శ్రీకాళహస్తి నుంచి జవాబు:
ఉతికించవద్దు. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టిన గుడ్డపై, బెల్లం నీళ్లలో ఇనుము పులియబెట్టి తీసిన నల్లరంగుతో గీతలు గీస్తారు. కాలం గడిచేకొద్దీ ఆ ఇనుమే నూలును తినివేస్తుంది కనుక, పాత తెరలలో తరచుగా నల్లగీతల వెంబడే బట్ట చిట్లుతుంది. అది వయసుకు ఒక సూచన మాత్రమే, రుజువు కాదు. ఎరుపును చూసి తేల్చడం మరింత కష్టం, ఎందుకంటే అలిజరిన్ అనే రసాయన ఎర్రరంగు 1869 నుంచే బజారులో ఉంది. 1957లో మా ఊరిలో శిక్షణ కేంద్రం మొదలైన తరువాత కూడా ఇదే అమరికలో, ఇలాంటి రాతలతోనే ఎన్నో తెరలు తయారయ్యాయి. ధర కట్టేవారి నోటి నుంచి వచ్చే వయసు ఎప్పుడూ కొంత ఎక్కువగానే ఉంటుందని నా అనుభవం.

చిత్తూరు నుంచి జవాబు:
నూరేళ్లు నిండినదైతే అది 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. గుడ్డపై వేసిన చిత్రాలను కూడా ఫోటోలతో సహా రిజిస్టరు చేయించుకోవాలి. చేతులు మారితే ఆ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి కనుక, మీ ఇంటికి వచ్చినాయనను ముందు అది చూపించమనండి.

తిరుపతి నుంచి మళ్లీ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. లైసెన్సు మాట ఎత్తగానే ఆయన మళ్లీ వస్తానని వెళ్లిపోయారు. హనుమంతుడి తోక గీత పొడవునా బట్ట నిజంగానే విడిపోతోంది. తెరను ఇక మడతపెట్టకుండా దేనికైనా చుట్టి ఉంచాలా?

శ్రీకాళహస్తి నుంచి:
అవును. లావుపాటి గొట్టానికి ముందు గంజి లేని తెల్లటి నూలుగుడ్డ చుట్టి, దానిపై బొమ్మ వెలుపలి వైపుకు వచ్చేలా తెరను వదులుగా చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, ఎండ తగలనీయవద్దు. చుట్టే ముందు ప్రతి ఘట్టానికీ, దాని కింది రాతకూ విడివిడిగా ఫోటోలు తీసుకోండి, వెనుకవైపును మరిచిపోవద్దు.