జపాన్ ఆక్షన్‌లో పాత కారు: షీట్‌లో ఏం చూడాలి? తెప్పించుకున్నవాళ్ళు చెప్పండి

కివీ_కాకినాడ
అందరికీ నమస్తే. మేము ఆక్లాండ్‌లో ఉంటాం. ఇంట్లో రెండో బండి కావాలి. ఆఫీసుకి పోయి రావడానికి టయోటా ఆక్వా (చిన్న హైబ్రిడ్ కారు) చాలు అనుకుంటున్నాం. తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఏజెంట్ దొరికాడు, జపాన్ ఆక్షన్ నుంచి నేరుగా తెప్పిస్తానంటున్నాడు. బండి స్థితి రాసి ఉండే ఆక్షన్ షీట్ ఒకటి పంపాడు. గ్రేడ్ 4, లోపలి భాగానికి బి, 84 వేల కిలోమీటర్లు, సంవత్సరం దగ్గర హెచ్27 అని ఉంది. కారు బొమ్మ మీద ఏ1లు నాలుగైదు, ఒక యూ2, వెనక కుడివైపు డబ్ల్యూ2. కింద జపనీస్‌లో చేత్తో రాసిన నాలుగు లైన్లు. "గ్రేడ్ 4 అంటే సూపర్ సార్, టెన్షన్ వద్దు" అంటున్నాడు. గురువారం సేల్. నిజంగా టెన్షన్ వద్దా?

పాతబండి
హెచ్27 అంటే హేసెయ్ 27వ సంవత్సరం. 1988 కలపండి, 2015 వస్తుంది. 2019 మే నుంచి రేవా శకం కాబట్టి ఆర్ అని ఉంటే 2018 కలపాలి. ఆర్3 అంటే 2021. అది మొదటిసారి రిజిస్టర్ అయిన సంవత్సరం, తయారైన నెల కాదు.

బొమ్మ మీద అక్షరాలు: ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, బీ అంటే సొట్టా గీతా రెండూ, డబ్ల్యూ అంటే రిపేరు చేసి పెయింట్ వేసిన చోటు. ఎస్ తుప్పు, సీ అంటే తుప్పు తినేసిన చోటు. ఎక్స్ అంటే మార్చాల్సిన భాగం, ఎక్స్‌ఎక్స్ అంటే మార్చేసిన భాగం. పక్కన అంకె పెరిగే కొద్దీ దెబ్బ పెద్దది. ఏ1లు గోటితో గీసినంత, పట్టించుకోవద్దు. మీ డబ్ల్యూ2 మాత్రం అడగాల్సిన విషయం. అక్కడ పాత రిపేరు వెలుతురులో అలలా కనిపిస్తుందని అర్థం.

అసలు సరుకు ఆ నాలుగు లైన్లలో ఉంది. ఏజెంట్ వాటిని అనువాదం చేసి ఇవ్వలేదంటే ముందు అది అడగండి. గ్రేడ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఓరుగల్లు_ఇన్_హామిల్టన్
అన్నా, ఆ లైన్లలో "షితమవారి సాబి" అనే మాట ఉందేమో చూపించుకో. బండి అడుగుభాగంలో తుప్పు అని. హొక్కైదో, తోహోకు, నీగాతా వైపు చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన బండి పైన అద్దంలా మెరుస్తది, కింద చూస్తే బ్రేక్ పైపులు, సస్పెన్షన్ ఎర్రగా ఉంటయి. న్యూజిలాండ్‌లో రిజిస్టర్ చేయాలంటే ఎంట్రీ సర్టిఫికేషన్ అనే తనిఖీ దాటాలి, అక్కడ తుప్పు దగ్గర అస్సలు ఊరుకోరు. రిపేర్ సర్టిఫికెట్ తెమ్మంటే ఆక్షన్‌లో మిగిలిన పైసలన్నీ వెల్డర్‌కే.

ఇంకో సంగతి. బండి హొక్కైదోలోని సపోరోలో అమ్మకానికి పెట్టలేదు కాబట్టి మంచు ప్రాంతం కాదు అనుకోవద్దు. డీలర్లు బండ్లను మంచి రేటు వచ్చే చోటికి తరలిస్తరు.

నాగోయా_నివాసి
జపాన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఐటీలో పని. అంత మంచి బండ్లు ఎందుకు అమ్మేస్తారో మా బంధువులందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకి షాకెన్ అనే తనిఖీ చేయించాలి. తనిఖీ ఫీజుతో పాటు బరువును బట్టి పన్ను, తప్పనిసరి బీమా, గ్యారేజీ చెప్పే రిపేర్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పెట్రోలు బండికి 13 ఏళ్ళు దాటితే వార్షిక పన్ను కూడా పెరుగుతుంది. అందుకే షాకెన్ గడువు దగ్గర పడగానే చాలామంది బండి ఇచ్చేసి కొత్తది తీసుకుంటారు. బండిలో లోపం ఉందని కాదు, లెక్క కుదరక. అలా ఇచ్చినవి కొనుగోలు షాపుల నుంచి ఆక్షన్‌కి వెళ్తాయి.

ఆక్షన్‌లోకి మామూలు మనిషికి ప్రవేశం లేదు. పాత వస్తువుల వ్యాపారానికి పోలీసుల ద్వారా తీసుకునే లైసెన్సు, ఆక్షన్ సభ్యత్వం రెండూ ఉండాలి. ఆక్షన్ కంపెనీల్లో యూఎస్‌ఎస్ అన్నిటికంటే పెద్దది. దాని తోక్యో శాఖ నిజానికి చీబా జిల్లా నోదాలో ఉంది, అక్కడ గురువారం సేల్. మా నాగోయాది శుక్రవారం. ఒక్కో బండి వంతు కొన్ని సెకన్లలో అయిపోతుంది. గట్టిగా ఊపిరి పీల్చుకునేలోపు ధర ఆగిపోతుంది. అందుకని ఏజెంట్‌కి పై పరిమితి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. "చూసి చెప్తా" అంటే కుదరదు.

కివీ_కాకినాడ
థాంక్యూ గారు. ఈ విషయం ఎవరూ చెప్పలేదు. మరి గ్రేడ్ 4 సంగతి? 4.5 కోసం ఆగాలా?

మెకానిక్_అన్న
తమ్ముడూ, నేను ఆక్లాండ్ దక్షిణాన గ్యారేజీలో పని చేస్తాను, రోజూ ఈ బండ్ల కిందే పడుకునేది. గ్రేడ్ అనేది ఒక ఇన్‌స్పెక్టర్ కొద్ది నిమిషాల్లో బండి చుట్టూ తిరిగి ఇచ్చిన మార్కు. రేకు, పెయింట్, లోపలి సీట్లు, ప్రమాదం జరిగిన ఆనవాళ్ళు చాలా బాగా చూస్తారు. అందులో వాళ్ళని మించినవాళ్ళు లేరు. కానీ బండిని రోడ్డు మీద నడిపి చూడరు. గేర్‌బాక్స్ వేడెక్కాక జర్కు ఇస్తుందా, హైబ్రిడ్ బ్యాటరీలో ఎంత ప్రాణం ఉంది, ఇవి షీట్‌లో ఉండవు. ఒక లక్ష కిలోమీటర్లు దాటిన బండికి సాధారణంగా 4.5 ఇవ్వరు, ఎంత బాగా మెయింటైన్ చేసినా సరే. అలాగే తక్కువ తిరిగిందని 4.5 వచ్చిన బండికి ఆయిల్ సరిగ్గా మార్చి ఉండకపోవచ్చు.

గ్రేడ్ 4, 3.5 మధ్య తేడా చాలాసార్లు బంపర్ మీద గీతలే. వాడుకోవడానికి కొనేవాడికి శుభ్రమైన అడుగుభాగం ఉన్న 3.5, తుప్పున్న 4.5 కన్నా నయం.

గ్రేడ్ చోట ఆర్, ఆర్‌ఏ (చిన్న రిపేరు జరిగినది) అని ఉంటే మాత్రం వేరే కథ. ఆర్ అంటే ప్రమాదం తర్వాత బండి అస్థిపంజరంలో, అంటే పిల్లర్లు, ఫ్లోర్, రూఫ్ లాంటి చోట్ల రిపేరు జరిగింది. డోరు, బానెట్, ముందు ఫెండర్ లాంటి బోల్టులతో బిగించేవి మారిస్తే ప్రమాద చరిత్ర కింద లెక్కెయ్యరు. కాబట్టి "యాక్సిడెంట్ లేదు" అంటే "గుద్దుకోలేదు" అని కాదు. ఎక్స్‌ఎక్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే కథ అర్థమైపోతుంది. బానెట్టూ ముందు ఫెండర్లూ అన్నిటికీ ఎక్స్‌ఎక్స్ ఉంటే ముందు నుంచి గట్టిగానే తగిలిందన్నమాట.

ఆక్వా గురించి ఒక మాట. హైబ్రిడ్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దానికి గాలి లాగే దారి సీటు పక్కనే. కుక్కలని ఎక్కించినవాళ్ళ బండ్లలో ఆ ఫ్యాన్ నిండా బొచ్చే. బండి దిగగానే ముందు అది శుభ్రం చేయించు.

యార్డే_నయం
అందరూ షీట్ చదవడం నేర్పుతున్నారు, మంచిదే. నేను అడిగేది అసలు ఒక ఆక్వా కోసం ఇదంతా ఎందుకు అని. ఆక్వాలు ఇక్కడి యార్డుల్లో, అంటే పాత బండ్లు అమ్మే డీలర్ల దగ్గర, వరుసలు వరుసలుగా ఉన్నాయి. వాళ్ళూ అదే ఆక్షన్ నుంచి తెచ్చేది. ఒకేసారి ఎక్కువ బండ్లు తెస్తారు కాబట్టి రవాణా, కంప్లయన్స్ (రోడ్డెక్కడానికి చేయించే తనిఖీలు) ఖర్చు వాళ్ళకి తక్కువ పడుతుంది.

మీ లెక్క చూడండి. గెలిచిన ధర, ఆక్షన్ ఫీజు, ఏజెంట్ కమిషన్, జపాన్‌లో పోర్టు దాకా లారీ, ఓడ, ఇన్సూరెన్స్. ఇక్కడ దిగాక వీటన్నిటి మీద 15 శాతం జీఎస్టీ. ఆపైన పురుగుల కోసం శుభ్రం చేసే ఖర్చు, ఎంట్రీ సర్టిఫికేషన్, రిజిస్ట్రేషన్, క్లీన్ కార్ స్టాండర్డ్ (బండి వదిలే కార్బన్‌ని బట్టి పడే ఫీజు లేదా వచ్చే క్రెడిట్) లెక్క. ఇందులో యెన్ రేటు మీ చేతిలో లేదు.

అన్నిటికంటే ముఖ్యం: డీలర్ దగ్గర కొంటే కన్స్యూమర్ గ్యారంటీస్ యాక్ట్ వర్తిస్తుంది. గేర్‌బాక్స్ పోతే వాడిని నిలదీయొచ్చు. సొంతంగా తెప్పించుకుంటే గేర్‌బాక్స్ మీది, ఏడుపూ మీదే.

పాతబండి
ఆక్వా విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నేను తెప్పించింది మాన్యువల్ గేర్ సుబారు. అది యార్డులో దొరకదు, దొరికితే అడిగిన రేటు. దొరకని బండికి ఆక్షన్, దొరికే బండికి యార్డు. కానీ షీట్ చదవడం రెండిటికీ పనికొస్తుంది. యార్డువాడిని "ఆక్షన్ షీట్ చూపించండి" అని అడగండి. చాలామంది చూపిస్తారు. "పోయింది" అన్నవాడి దగ్గర ఆగొద్దు.

దార్_గుంటూరు
టాంజానియా నుంచి. మా దగ్గర రోడ్డు మీద తిరిగే బండ్లలో ఎక్కువ జపాన్ పాతవే. ఇక్కడ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక: దిద్దిన షీట్లు తిరుగుతుంటాయి. ఆర్‌ని 4 చేస్తారు, కిలోమీటర్ల ముందు అంకె తీసేస్తారు. ఛాసిస్ నంబరు ఇస్తే అసలు షీట్ తీసిచ్చే సర్వీసులు ఉన్నాయి, ఆ చిన్న ఫీజుకి వెనకాడొద్దు. జపాన్ నుంచి వచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌లో షాకెన్ అప్పటి రీడింగ్ ఉంటుంది, దాంతో మీటర్ పోల్చి చూడండి. షీట్‌లో మీటర్ మార్చారనీ, అసలు రీడింగ్ తెలియదనీ రాసి ఉంటే అదేమీ దాచిన విషయం కాదు. దాచేది మధ్యలో ఉన్నవాళ్ళు.

కెన్యాలో ఉన్నవాళ్ళు ఎనిమిదేళ్ళ నిబంధన మర్చిపోవద్దు. అంతకంటే పాతది మొంబాసా పోర్టులో దిగనివ్వరు.

డబ్బు కంపెనీ పేరు మీదున్న జపాన్ ఖాతాకే పంపండి. వ్యక్తి పేరు మీద ఖాతా ఇచ్చాడంటే అక్కడితో మాటలు ఆపేయండి.

లండన్_లక్ష్మి
మా ఆయన పిచ్చి వల్ల నాకు తెలిసింది కాస్త. ఇక్కడ మామూలుగా 10 శాతం సుంకం, దాని మీద 20 శాతం వ్యాట్. బండి పదేళ్ళు దాటితే ఐవీఏ అనే ఆమోద పరీక్ష అక్కర్లేదు, మామూలుగా ఏటా చేయించే ఎంఓటీ తనిఖీ చాలు. అందుకే ఇక్కడ తెప్పించేవి ఎక్కువ పాతవే. జపాన్ బండ్లకి వెనక ఫాగ్ లైటు చాలావాటికి ఉండదు, అది పెట్టించాలి. స్పీడోమీటర్ మైళ్ళలోకి మార్చాలి. చిన్న పనులే కానీ ప్రతిదానికీ ఒక అపాయింట్‌మెంట్.

మియాపూర్_కుర్రాడు
బ్రో, నాకో డౌట్. జపాన్ ఆక్షన్‌లో జిమ్నీ కొని కాకినాడ పోర్టులో దింపుకోవచ్చా? హైదరాబాద్ తెచ్చుకుంటా.

పాతబండి
కుదరదు తమ్ముడూ. పాత కారు భారత్‌లోకి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, ముంబై పోర్టు నుంచే రావాలి. కాకినాడలో దింపనివ్వరు. సుంకం బండి విలువనే మించిపోతుంది. అయినా జిమ్నీ కోసం జపాన్ దాకా ఎందుకు? మారుతి భారత్‌లో తయారుచేసిన ఐదు తలుపుల జిమ్నీనే 2025 నుంచి జపాన్‌లో అమ్ముతున్నారు.

మియాపూర్_కుర్రాడు
😂 సరే అన్నా.

ఓరుగల్లు_ఇన్_హామిల్టన్
కివీ అన్నా, టైమింగ్ కూడా చూసుకో. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ చివరి దాకా కంపు పురుగు సీజన్. 2018 ఫిబ్రవరిలో ఆ పురుగులు కనిపించాయని జపాన్ నుంచి బండ్లతో వచ్చిన ఓడలనే వెనక్కి పంపారు. ఇప్పుడు ఆ సీజన్‌లో బండ్లను వేడి చేసే ట్రీట్‌మెంట్ ఉంటది, అక్కడ క్యూ ఉంటది. ఏజెంట్ చెప్పిన తేదీకి ఇంకొన్ని వారాలు కలుపుకో. ఏప్రిల్ చివర గోల్డెన్ వీక్, ఆగస్టులో ఒబోన్, కొత్త సంవత్సరం సెలవుల్లో ఆక్షన్లే ఉండవు.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి జారకుండా చూసేది) లేని కారు అయితే అసలు ముట్టుకోకు. 2020 మార్చి నుంచి చిన్న ఇంజిన్ కార్లకి కూడా అది తప్పనిసరి. తకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ పెండింగ్ ఉందేమో ఛాసిస్ నంబరుతో చూపించు.

మెకానిక్_అన్న
రేడియో మర్చిపోయారు అందరూ. జపాన్ ఎఫ్‌ఎం 76 నుంచి 95 దాకా, ఇక్కడ 88 నుంచి మొదలు. సగం స్టేషన్లు రావు. చిన్న బ్యాండ్ ఎక్స్‌పాండర్ వేస్తే సరిపోతుంది. నావిగేషన్ మాత్రం జపనీస్‌లోనే పలకరిస్తుంది. బ్యాటరీ వైరు తీస్తే కొన్ని టయోటా సెట్లు కోడ్ అడిగి మొండికేస్తాయి, కాబట్టి బ్యాటరీ మార్చేటప్పుడు కరెంటు పోకుండా చూడమనండి.

పాత మోడల్ నిస్సాన్ లీఫ్ (ఎలక్ట్రిక్ కారు) కొనేవాళ్ళు ఉంటే: డ్యాష్‌బోర్డు ఫోటో అడిగి కుడివైపు బ్యాటరీ సత్తా చూపే గీతలు లెక్కపెట్టండి. కొత్తదానికి 12. ఆ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు, గీతలు తగ్గితే తిరిగి రావు.

కివీ_కాకినాడ
అందరి పోస్టులూ మా ఆవిడకి చదివి వినిపించాను. యార్డే_నయం గారి లెక్క ప్రకారం ఖర్చులన్నీ వరుసగా రాసిమ్మని ఏజెంట్‌ని అడిగాను. క్లీన్ కార్ దగ్గర "చూద్దాం సార్" అని రాశాడు. నాలుగు లైన్ల అనువాదం ఇంకా రాలేదు. రేపటికి రాకపోతే ఈ బండి వదిలేసి, శనివారం యార్డులకే వెళ్తాం.

యార్డే_నయం
వెళ్ళినప్పుడు అద్దానికి అంటించిన సీఐఎన్ కార్డు (కొనేవాళ్ళకి బండి వివరాలు చెప్పే నోటీసు) చదవండి, దిగుమతి అయినప్పుడు దెబ్బతిన్న బండి అయితే అందులో రాసి ఉండాలి.

నాగోయా_నివాసి
ఏజెంట్ కోసం ఆగక్కర్లేదు. ఆ నాలుగు లైన్ల ఫోటో ఇక్కడ పెట్టండి, రాత్రికి చదివి చెబుతాను. చేతిరాత కాబట్టి దగ్గరగా తీయండి. ఛాసిస్ నంబరు మాత్రం కనపడకుండా చెరిపి పెట్టండి.