విండోస్ 11 అప్‌గ్రేడ్ ఫెయిలై వెనక్కి వస్తోంది. ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

తెనాలి_డీటీపీ:
షాపు సిస్టమ్‌ని విండోస్ 10 నుంచి 11కి మారుద్దామని పెట్టాను. రీస్టార్ట్ అయ్యి కొంత నడిచాక మళ్లీ 10కే వచ్చేస్తోంది. ఎర్రర్ 0ఎక్స్‌సి1900101. పదో తరం ఐ3 ప్రాసెసర్, 11కి కావాల్సిన టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉంది, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది, సి డ్రైవ్‌లో ఖాళీ ఉంది. ఫార్మాట్ కాకుండా దారి చెప్పండి.

వరంగల్_సర్వీస్:
ఫార్మాటే దారి. పాతదంతా చెరిపి, పెన్‌డ్రైవ్‌తో క్లీన్ ఇన్‌స్టాల్ చేసుకోండి. పాతదాని మీద ఎక్కిస్తే చెత్తంతా వెంట వస్తుంది.

లాగ్_చూడండి:
తొందరపడకండి. సి1900101తో మొదలయ్యే ఎర్రర్ చాలావరకు డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్) గొడవే. సి డ్రైవ్‌లో దాగి ఉండే $విండోస్.~బీటీ ఫోల్డర్‌లో సోర్సెస్, అందులో రోల్‌బ్యాక్ తెరిచి లాగ్ (ఏం జరిగిందో రాసి ఉండే ఫైలు) చివరి లైన్లు చూడండి. తర్వాత బయటి యాంటీవైరస్ తీసేసి, ప్రింటర్, స్కానర్ లాంటివన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచి మళ్లీ పెట్టండి.

చిన్నోడు_77:
నాకు పాత వైఫై డ్రైవర్ తీసేశాక ఎక్కింది అన్నా.

పాత_పెంటియం:
ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతదా?

తెనాలి_డీటీపీ:
పదో తరం అని పైన రాశాను కదండీ.

వరంగల్_సర్వీస్:
లాగులు చదువుతూ కూర్చుంటే షాపు అద్దె ఎవరు కడతారు? ఇలా అతికించి ఇస్తే వారానికి బ్లూ స్క్రీన్ వస్తుంది. అప్పుడు తిట్లు నాకు, డబ్బులు ఇవ్వరు.

తెనాలి_డీటీపీ:
నాకూ ఒక అనుభవం ఉంది. ఒక సర్వీసు షాపులో బ్యాకప్ తీశామన్నారు. తీసింది డెస్క్‌టాప్ ఒక్కటే. డి డ్రైవ్ చెరిపేశారు. శుభలేఖలు, గుడి కరపత్రాలు, ఏళ్ల తరబడి చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ పోయాయి.

వరంగల్_సర్వీస్:
వాళ్లెవరో చేసినదానికి నన్ను అంటారేంటి? బ్యాకప్ మీ బాధ్యత!

తెనాలి_డీటీపీ:
ఫైళ్లు కాపీ చేసుకోగలను. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, డాంగుల్ (లైసెన్స్ తాళం లాంటి చిన్న పరికరం) పెడితేనే నడుస్తుంది. సీడీ పోయింది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తరు. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, ఆ ఫాంటు లేకపోతే తెరిచినా పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఫార్మాట్ కొట్టాక నా దగ్గర మిగిలేదేంటి?

లాగ్_చూడండి:
ఈ మాట మొదటే చెప్పాల్సింది! ఆ డాంగుల్ డ్రైవరే అడ్డుపడుతూ ఉండొచ్చు. క్లీన్ ఇన్‌స్టాల్ చేసినా, మెమరీ ఇంటిగ్రిటీ అనే విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే పాత డ్రైవర్లను లోడ్ కానివ్వకపోవచ్చు. కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు కొని, ఉన్న డిస్కును దాని మీదికి ఉన్నదున్నట్టు క్లోన్ (నకలు) చేయించండి. అసలు డిస్కు పీకి బీరువాలో పెట్టండి. ప్రయోగాలన్నీ క్లోన్ మీదే చేయాలి.

పాత_పెంటియం:
10లోనే ఉండిపోతే ఏమవుతుంది?

లాగ్_చూడండి:
2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. నెట్ పీకేసి టైపింగ్‌కే వాడుకుంటే నడుస్తుంది. మెయిళ్లు, యూపీఐ, బ్యాంకు పనులు మాత్రం దాంట్లో వద్దు.

వరంగల్_సర్వీస్:
క్లోన్ అయితే ఎవరైనా చేస్తారు. రెండో డిస్కు డబ్బులు ఎవరివి?

తెనాలి_డీటీపీ:
నావే. కానీ డిస్కు షాపులో వదలను, నా కళ్ల ముందే చేయాలి.

వరంగల్_సర్వీస్:
కూర్చోండి, కుర్చీ వేస్తాను. అప్‌గ్రేడ్ ఎక్కకపోయినా నా కూలి మాత్రం ఇవ్వాలి.

తెనాలి_డీటీపీ:
చెరపకుండా ఇస్తే, ఎక్కకపోయినా ఇస్తాను.