అప్‌డేట్: పద్మిని గేరు లివర్ ఊగడం ఆగింది

నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారులో స్టీరింగ్ పక్కనుండే గేరు లివర్ వదులై ఊగుతోందని, రెండో గేరు నుంచి మూడోది సరిగ్గా పడటం లేదని అడిగాను కదా. గేర్‌బాక్స్ జోలికి వెళ్లకుండా ముందు లింకేజీ బుష్‌లు (లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే రాడ్ల కీళ్లలో ఉండే చిన్న తొడుగులు) చూడమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్. మీరన్నదే నిజమైంది.

చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, బానెట్ ఎత్తి, తమ్ముణ్ణి లివర్ కదపమన్నాను. లివర్ కదులుతోంది గానీ రాడ్ వెంటనే కదలడం లేదు. స్ప్లిట్ పిన్ను లాగి రాడ్ విడదీస్తే పాత బుష్ పొడిపొడిగా రాలిపోయింది. బుష్ లోపల ఉండే పిన్ను మీద ఒకవైపు గోరుకు తగిలేంత గాడి. కోనసీమ తేమకి గ్రీజంతా తుప్పుతో కలిసి ముద్దకట్టేసింది. ఇలాంటి పిన్ను మీద కొత్త బుష్ వేసినా ఎక్కువకాలం నిలవదు, అందుకే రెండూ మార్చేశాను. పిన్ను అరగని చోట వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలిచి, అమలాపురంలో లేత్ పట్టించి నైలాన్ బుష్‌లు, కొత్త పిన్ను చేయించాను.

బిగించేటప్పుడు లివర్‌నీ, గేర్‌బాక్స్‌నీ రెండింటినీ న్యూట్రల్‌లో ఉంచి, రాడ్ పొడవు సరిచేయడం మాత్రం మర్చిపోకండి. అసలు పనంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మూడో గేరు మెత్తగా పడుతోంది. నాన్నగారు రావులపాలెం దాకా తోలుకెళ్లి వచ్చారు, ముఖం వెలిగిపోయింది. రివర్స్ ఇంకా కాస్త బిగువుగానే ఉంది. తర్వాత క్లచ్ సర్దుబాటు చూస్తాను.