శల్యుడు అసలు ఎవరి పక్షం? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

మహాభారతంలో శల్యుడి దగ్గర ఇరుక్కుపోయాను. మద్రదేశపు రాజు, మాద్రికి అన్న, అంటే నకుల సహదేవులకు స్వయానా మేనమామ. పాండవుల కోసమే సేనతో బయల్దేరితే దుర్యోధనుడు దారి పొడుగునా విడుదులు కట్టించి మర్యాదలు చేశాడు, ఇదంతా ధర్మరాజు ఏర్పాటే అనుకుని ఈయన మురిసిపోయి వరం ఇస్తానన్నాడు, తీరా చూస్తే ఎదురుగా దుర్యోధనుడు! సరే, ఇంతవరకు అర్థమైంది.

తర్వాత ధర్మరాజు దగ్గరకు వెళ్లి జరిగింది చెబితే ఆయన కోపగించుకోలేదు సరికదా, కర్ణుడికి సారథివి అయినప్పుడు వాడి ఉత్సాహం నీరుగార్చు మామా అని అడిగాడు. ధర్మరాజేనా ఇలా అడిగింది అనిపించింది నాకైతే. పదిహేడో రోజు శల్యుడు మాట నిలబెట్టుకున్నాడు కూడా, హంస కాకి కథ చెప్పి మరీ ఎత్తిపొడిచాడు.

నా తికమక ఇక్కడే. కర్ణుడు నాగాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు, ఈ బాణం మెడకు తగలదు, సరిగ్గా చూసి మళ్లీ సంధించు అని చెప్పింది కూడా ఈ శల్యుడే కదా? అది నిజమైన సలహానా, లేక కర్ణుడు ఒకసారి సంధించింది మార్చడని తెలిసే అన్నాడా? తిక్కన కర్ణపర్వం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడ ఈ ఘట్టం ఎలా ఉందో చెప్పండి, పద్యం ఇస్తే ఇంకా సంతోషం. సినిమాలో చూసింది మాత్రం వద్దు ప్లీజ్.