తేలికపాటి రైఫిల్ బుల్లెట్లకు పౌడర్ కొలతలు

ప్రశ్న (కడప): టెక్సస్‌లో ఉంటున్న మా తమ్ముడు .223 రెమింగ్టన్ తూటాలను స్వయంగా నింపుకుంటాడు. 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు ప్రమాణం) బుల్లెట్‌కు, అంటే తూటా కొసన ఉండి దూసుకెళ్లే లోహపు ముక్కకు, నమ్మదగిన పౌడర్ (మందుగుండు) కొలతలు ఎక్కడ దొరుకుతాయో పెద్దలు తెలుపగలరు.

జవాబు (అనంతపురం): బుల్లెట్, పౌడర్ తయారీదారులు పరీక్షించి ప్రచురించిన పట్టికలనే చూడమనండి. బరువు ఒకటే అయినా, పూర్తి రాగి బుల్లెట్ సీసం నింపిన దానికంటే పొడవుగా ఉండి కేసులో (పౌడర్ నింపే తూటా గొట్టంలో) ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, ఒకదాని కొలతను మరొకదానికి వాడితే పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. పట్టికలోని కనిష్ఠ కొలతతోనే మొదలుపెట్టాలి. ఈ విషయంలో తొందర అస్సలు పనికిరాదు.

జవాబు (కర్నూలు): మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇక్కడ ఎవరూ ప్రయత్నించవద్దని మనవి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. బుల్లెట్ రకాన్ని కూడా సరిచూసుకోమని తమ్ముడికి చెబుతాను.