కేదార్‌కాంత శీతాకాలపు ట్రెక్‌కు విడిగా దిండు కొనాలా, బట్టల సంచి చాలదా?

సాంక్రి దారి:
డిసెంబరు చివరి వారంలో నేనూ మా అక్కా ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత శిఖరానికి వెళ్తున్నాం. స్లీపింగ్ బ్యాగులు, కింద పరుచుకునే ఫోమ్ మ్యాట్లు నిర్వాహకులే ఇస్తారు గాని, వారు పంపిన సామాన్ల జాబితాలో దిండు ఊసే లేదు. నేను పక్కకు తిరిగి పడుకునే మనిషిని. తలకింద ఎత్తు సరిగ్గా లేకపోతే తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. మా బ్యాగులు మేమే మోసుకోవాలని అనుకుంటున్నాం కాబట్టి బరువు వీలైనంత తక్కువగా ఉండాలి. గాలి ఊదుకునే దిండు మంచిదా, ఫోమ్ దిండు మంచిదా, లేక అనుభవజ్ఞులు చెప్పినట్టు జాకెట్ మడిచి తలకింద పెట్టుకుంటే సరిపోతుందా? దయచేసి చలిలో పడుకున్నవారు చెప్పండి.

తేలికసంచి:
విడిగా దిండు అనవసరం. స్లీపింగ్ బ్యాగును మూటగట్టిన సంచి రాత్రి పూట ఖాళీగానే ఉంటుంది. అందులో మర్నాటి బట్టలు, వాన ప్యాంటు, అదనపు స్వెటరు కుక్కి మూతి బిగిస్తే దిండు తయారవుతుంది. పైన ఒక నూలు టీషర్టు తొడిగితే చెంపకు మెత్తగానూ ఉంటుంది. ఎలాగూ మోస్తున్న వస్తువుతోనే పని జరుగుతున్నప్పుడు, ఒక్క పనికి మాత్రమే వచ్చే వస్తువును కొండెక్కించడం ఎందుకు? దిండు 80 గ్రాములే కదా, పవర్ బ్యాంకు 200 గ్రాములే కదా, చిన్న కుర్చీ అర కిలోయే కదా అనుకుంటూ పోతే బ్యాగు పదిహేను కిలోలు దాటేది ఇలాగే. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆమె 1955లో, తన 67వ ఏట, అపలాచియన్ ట్రయల్ మొత్తం ఒంటరిగా నడిచారు. అది 3,300 కిలోమీటర్ల దారి. ఆమె దగ్గర ఉన్నది స్వయంగా కుట్టుకున్న ఒక సంచి మాత్రమే. టెంటు గాని, స్లీపింగ్ బ్యాగు గాని లేవు. అటువంటి మనిషిని తలచుకున్నాక నాలుగైదు రాత్రుల నడకకు దిండు గురించి ఇంత ఆలోచన అవసరమా అనిపిస్తుంది.

నల్లమల నడక:
సలేశ్వరం జాతరకు వెళ్లినప్పుడు కండువా చుట్టి తలకింద పెట్టుకుని బండమీదే పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది.

శిఖరరేఖ:
నల్లమల నడక గారూ, సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. ఆ ఎండల్లో ఒంటిమీద బట్ట కూడా బరువే కాబట్టి విప్పిన ప్రతి గుడ్డా తలకిందకు వస్తుంది. కేదార్‌కాంత బేస్ క్యాంపు సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, డిసెంబరులో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోతుంది. అక్కడ జరిగేది వేరు. అర్ధరాత్రి చలి పెరిగేకొద్దీ తలకింద పెట్టుకున్న స్వెటరు తీసి వేసుకుంటాం, తర్వాత మేజోళ్లు, తర్వాత జాకెట్. రెండు మూడు గంటలకల్లా శిఖరం ఎక్కడానికి లేపేస్తారు. సరిగ్గా నిద్ర అవసరమైన ఆ కాసేపట్లో తలకింద మిగిలేది వాన ప్యాంటు ఒక్కటే. తేలికసంచి గారి ఏర్పాటు మూడు కాలాలకు బాగుంటుంది, ఈ చెల్లెలు అడిగిన నాలుగో కాలానికి బాగుండదు.

జాకెట్ విషయంలో ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. మనలో చాలామంది ఆడవాళ్లం తలకు నూనె రాసుకుంటాం, చలికి చర్మం పగలకుండా మొహానికీ ఏదో ఒకటి పూసుకుంటాం. రాత్రంతా ఆ జిడ్డు, నోటి ఆవిరి జాకెట్ గుడ్డకు పడతాయి. ఈకల జాకెట్ వెచ్చదనమంతా ఈకలు పొంగి ఉండడంలోనే ఉంది. తడిసినా జిడ్డు పట్టినా అవి ముద్దకడతాయి. ఎనిమిది వేలు పెట్టి కొన్న జాకెట్‌ను తలకింద నలిపి పాడుచేసుకోవడం కంటే చిన్న దిండు మోయడం నయం.

నా సలహా గాలి దిండే. సీ టు సమ్మిట్ వారి ఏరోస్ అల్ట్రాలైట్‌లో మామూలు సైజు 60 గ్రాములు, మడిస్తే గుప్పిట్లో పడుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే డెకథ్లాన్‌లో తక్కువ ధరకే గాలి దిండ్లు దొరుకుతాయి, కాస్త బరువు ఎక్కువ. ఏది కొన్నా పైభాగం గుడ్డతో ఉన్నది చూసుకోండి. ఉత్త ప్లాస్టిక్ అయితే చలికి చెంప జివ్వుమంటుంది, కదిలినప్పుడల్లా కరకరమని చప్పుడు చేస్తుంది. ఫోమ్ ముక్కలు నింపిన థర్మారెస్ట్ దిండు అన్నిటికంటే సుఖంగా ఉంటుంది గాని, అది బ్యాగులో సగం చోటు తినేస్తుంది. బ్యాగు మీరే మోస్తున్నారు కాబట్టి అది వద్దు.

తేలికసంచి:
ఆ 60 గ్రాములలో దిండును పెట్టుకునే చిన్న సంచి బరువు కలిసిందా, లేదా? జారకుండా దాని మీద తొడిగే గుడ్డ బరువు కలిసిందా? కంపెనీలు అట్ట మీద వేసే అంకె వేరు, వంటింటి తూకంలో వచ్చే అంకె వేరు. అడిగినవారు బరువు ముఖ్యమని స్పష్టంగా రాశారు, కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు.

రెండవది, స్లీపింగ్ బ్యాగు ఆ చలికి తగినదైతే జాకెట్ వేసుకుని పడుకోవలసిన అవసరం రాదు. వస్తున్నదంటే తప్పు బ్యాగుది, దాన్ని మార్పించుకోవాలి గాని దిండు కొనడం దానికి మందు కాదు.

శిఖరరేఖ:
స్లీపింగ్ బ్యాగు నిర్వాహకులు ఇస్తారని ఆమె మొదటి వాక్యాల్లోనే రాశారు. అద్దెకు ఇచ్చే బ్యాగులు ఎందరో వాడి నలిగినవి. ఏది చేతికిస్తే అదే. రాత్రి పది గంటలకు మంచులో నిలబడి ఎవరితో మార్పించుకుంటారు? ఇక సంచి బరువు గురించి: సంచి ఇంట్లో వదిలేసి దిండును గ్లౌజులో దోపుకుంటే ఆ ప్రశ్నే ఉండదు.

అడవిబాట:
గ్లౌజులో పట్టేంత దిండయితే దాని గురించి ఇన్ని పేరాలెందుకు? కొనేయండి.

వరంగల్ ఫిజియో:
వృత్తిరీత్యా ఒక మాట. వెల్లకిలా పడుకునేవారికి తలకింద కొద్దిపాటి ఎత్తు చాలు, బట్టల సంచితో సరిపెట్టుకోవచ్చు. పక్కకు తిరిగి పడుకునేవారికి చెవికీ భుజం అంచుకూ మధ్య ఉన్న ఖాళీ అంతా నిండాలి. లేకపోతే తల కిందికి వాలి రాత్రంతా మెడ ఒకవైపే సాగి ఉంటుంది. ఇంటి పరుపు మీద భుజం కొంత దిగబడుతుంది కాబట్టి ఆ ఖాళీ తగ్గుతుంది. పల్చటి ఫోమ్ మ్యాట్ మీద భుజం దిగబడదు. అందుకే ఇంట్లో పల్చటి దిండుతో నిద్రపోయేవారికి కూడా క్యాంపులో ఎత్తయిన దిండు కావలసి వస్తుంది. కొనేటప్పుడు గ్రాములు చూసినట్టే ఎత్తు కూడా చూడండి. దుకాణంలో నేలమీద మ్యాట్ పరిపించుకుని, పక్కకు తిరిగి పడుకుని, తోడు వచ్చినవారిని వెనుకనుంచి చూడమనండి: ముక్కూ గడ్డమూ వెన్నెముకతో ఒకే గీతలో ఉండాలి.

గోదారిగట్టు:
కొండ మీద గాలి పీడనం తక్కువ కాబట్టి గాలి దిండు ఉబ్బి పగిలిపోతుందని విన్నాను. దీనికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

కొలరాడో తెలుగు:
కింద ఊళ్లో గాలి నింపి మూతపెట్టి పైకి తీసుకుపోతే తప్పకుండా ఉబ్బుతుంది. ఘాట్ రోడ్డులో చిప్స్ పొట్లం ఉబ్బినట్టే. 3,400 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. అయితే దిండును ఎవరూ ఊదిపెట్టి మోయరు, క్యాంపులోనే ఊదుతారు. అక్కడ ఎదురయ్యేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది. నోటి గాలి దాదాపు 35 డిగ్రీల వెచ్చగా లోపలికి వెళ్లి మైనస్ 5కు చల్లబడితే ఎనిమిదో వంతు మేర కుంచించుకుపోతుంది. గట్టిగా ఊది పడుకున్న దిండు కాసేపటికి మెత్తబడితే, చిల్లు పడిందని కంగారుపడనక్కర్లేదు. భోజనానికి ముందే ఊదిపెట్టి, పడుకునే ముందు మరో రెండు గుక్కలు ఊదండి. తర్వాత దానిమీద తల ఆనించి, తల నేలకు సమాంతరంగా వచ్చేవరకు వాల్వ్ నొక్కి కొంచెం కొంచెంగా గాలి వదలండి. గాలి దిండు బాగాలేదనేవారిలో ఎక్కువమంది దాన్ని బంతిలా బిగుతుగా ఊది పడుకున్నవారే. ఇల్లు చేరాక వాల్వ్ తెరిచి ఆరబెట్టాలి. నోటి తేమ లోపలే ఉండిపోతే బూజు పడుతుంది.

జారే సమస్యకు సులభమైన మార్గం దిండును స్లీపింగ్ బ్యాగు తలభాగం లోపలికి దోపడం. అలా కుదరకపోతే ఉన్ని టోపీ గాని, మెడకు చుట్టుకునే బఫ్ గాని దిండుకు తొడగండి.

తేలికసంచి:
చూశారా, ఊదడం, మళ్లీ ఊదడం, వదలడం, తొడగడం, ఆరబెట్టడం. అర్ధరాత్రి చిల్లు పడితే ఆ తర్వాత ఏమిటి? బట్టల సంచికి చిల్లు పడదు. సౌకర్యం పేరుతో వస్తువుకు వస్తువు తోడవుతున్నదని నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. కొండకు వెళ్లేవారు కొంత కష్టానికి సిద్ధపడే వెళ్లాలి. నాలుగు రాత్రులు దిండు లేకుండా ఉండలేకపోతే రిసార్టులు చాలానే ఉన్నాయి.

శిఖరరేఖ:
ఈ మాటకోసమే ఎదురుచూశాను. ఇంతకుముందు ఇదే మాట నాకు నలుగురిలో చెప్పారు. ఒక శీతాకాలపు ట్రెక్‌లో, బయలుదేరే ముందు బ్యాగులు తనిఖీ చేస్తూ, మా బృంద నాయకుడు నా దిండును బయటకు తీసి అందరికీ చూపించి, "అమ్మా, సుఖం కావాలంటే ఇంట్లో ఉండవలసింది" అన్నాడు. నా కూతురి వయసు పిల్లలు పదిహేను మంది నవ్వారు. దిండు అక్కడే గదిలో వదిలేయించారు. నాకు సర్వైకల్ స్పాండిలోసిస్ (మెడ ఎముకల అరుగుదల) ఉందని దరఖాస్తులో రాసి ఇచ్చాను, ఆ కాగితం ఎవరూ తెరిచి చూడలేదు. రెండో రాత్రికి మెడ ఎడమవైపు తిరగలేదు, మూడో రోజు నేను శిఖరం వైపు కాక కిందికి నడిచాను. అదే తనిఖీలో ఒక కుర్రాడి బ్యాగులో డ్రోన్, దాని మూడు బ్యాటరీలు ఉన్నాయి. దాన్ని మాత్రం ఎవరూ బరువు అనలేదు. గేట్‌వుడ్ గారిని గౌరవంగా స్మరిద్దాం, కానీ ఆమె నడిచింది మే నుంచి సెప్టెంబరు వరకు. ఆమె ఏమి మోయాలో ఆమే నిర్ణయించుకున్నారు, ఎవరూ ఆమె సంచి విప్పి లెక్క చెప్పలేదు.

నల్లమల నడక:
ఆ నాయకుడు అలా అనకుండా ఉండవలసింది.

తేలికసంచి:
మీకు జరిగినది అన్యాయం, దాన్ని నేను సమర్థించడం లేదు. అయితే నా వైపు నుంచి కూడా వినండి. నేను స్నేహితుల బృందాలతో వెళ్తాను. పోర్టర్లు ఉండరు, కంచరగాడిదలు ఉండవు. బయలుదేరిన రోజు ఉదయం ప్రతివారూ తమకు కావలసినదంతా సర్దుకుంటారు, రెండో రోజు మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురికి ఊపిరి అందదు. అప్పుడు వారి బ్యాగులోని సామాను ఎవరి బ్యాగులోకి వస్తుంది? ప్రతిసారీ నా బ్యాగులోకే వస్తుంది. ఒకసారి మంచు కరిగి జారుతున్న దిగుడులో నా బ్యాగు వెనుక, ఇంకొకరి బ్యాగు ముందు వేసుకుని దిగాను; కాలు మడతపడి నెలల తరబడి మోకాలి పట్టీతో తిరిగాను. ఆ ముందు వేసుకున్న బ్యాగులో ఉన్నవి స్పీకరు, రెండు జతల చెప్పులు, మెడకు చుట్టుకునే విమాన ప్రయాణపు దిండు. అందుకే "చిన్నదే కదా" అనే మాట వినగానే నాకు కోపం వస్తుంది. అందరూ సుఖంగా ఉండాలని అందరూ అంటారు. ఆ సుఖం చివరికి ఎవరి భుజం మీద పడుతున్నదో ఎవరూ అడగరు.

శిఖరరేఖ:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. మీ అభ్యంతరం దిండు మీద కాదు, తమ బరువు తాము మోయనివారి మీద. అది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఆ కోపంతో 60 గ్రాముల వస్తువును, అదీ మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు తానే మోసుకుంటానన్న మనిషి దగ్గర, తప్పుపడుతున్నారు. నా అభ్యంతరం వేరు. నా మెడకు ఏది కావాలో నాకు తెలిసినట్టు నాయకుడికి తెలియదు, మీకూ తెలియదు. బ్యాగు మొత్తం ఇన్ని కిలోలు దాటకూడదని పెట్టండి, తప్పకుండా పాటిస్తాను. ఆ కిలోలలో ఏమి ఉండాలో మాత్రం నన్ను ఎంచుకోనివ్వండి.

తేలికసంచి:
మొత్తం బరువు మీద నియమం పెడితే నాకు అభ్యంతరం లేదు, దాన్ని నిజంగా తూచి పాటించేట్టయితేనే. ఎక్కువ బృందాల్లో అంకె చెప్పి వదిలేస్తారు, తూకం పెట్టరు. తూకం లేని నియమం మళ్లీ నా భుజం మీదికే వస్తుంది. దిండు ఒక్క పనికే వచ్చే వస్తువు అన్న మాట మీద మాత్రం నేను ఇప్పటికీ నిలబడుతున్నాను.

అడవిబాట:
రాత్రి నిద్ర ఒక్క పనేనా? మర్నాడు తెల్లవారుజామున చీకట్లో మంచు మీద ఎక్కాల్సింది ఆ నిద్రతోనే కదా.

సాంక్రి దారి:
అందరికీ ధన్యవాదాలు. ఫిజియో గారు చెప్పినట్టు నిన్న దుకాణంలో మ్యాట్ పరిపించి అక్కను వెనుకనుంచి చూడమన్నాను. నేను కొనాలనుకున్న పల్చటి దిండు మీద తల స్పష్టంగా కిందికి వాలింది. దానికంటే ఎత్తయిన, గుడ్డ ముఖం ఉన్న గాలి దిండు సరిపోయింది, అదే కొన్నాను. అక్క వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి ఆమెకు తేలికసంచి గారి పద్ధతే, బట్టల సంచి మీద టీషర్టు. దిండుకు చోటు చేయడానికి నా బ్యాగులోంచి రెండో జత చెప్పులు తీసేశాను. ఒక్క అనుమానం మిగిలింది: గాలి దిండును రాత్రి స్లీపింగ్ బ్యాగు లోపల పెట్టుకుంటే నా ఊపిరి తేమకు బ్యాగు తలభాగం తడుస్తుందా?

కొలరాడో తెలుగు:
ముక్కూ నోరూ బ్యాగు బయట ఉంచుకుంటే తడవదు. దిండును తలభాగం లోపల పెట్టి, మొహం బయటికి వచ్చేట్టు తాడు బిగించండి. ఉదయం బయలుదేరే ముందు బ్యాగును లోపలివైపు బయటికి తిప్పి కాసేపు టెంటు మీద వేయండి.

తేలికసంచి:
ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊళ్లో బయలుదేరే రోజు రెండు బ్యాగులనూ నీళ్లతో సహా తూచి, అంకెలు ఇక్కడ రాయండి. దిండును సంచితోనే తూచండి.