ఏఐ పెద్దల అసలు ఆరాటం దేనికి: పైసలకా, పెత్తనానికా, లోకం మేలుకా?

మాదాపూర్_మనోహర్:
2023 మేలో, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సీఈఓ శామ్ ఆల్ట్‌మన్ ఆ కంపెనీలో తనకు వాటా లేదని అమెరికా సెనేట్ ముందు చెప్పారు. ఆ నెలాఖర్లోనే ఆయన, గూగుల్ ఏఐ విభాగం డీప్‌మైండ్ అధిపతి హసాబిస్, క్లాడ్ తయారుచేసే ఆంత్రోపిక్ సీఈఓ అమొడై ముగ్గురూ ఏఐతో మనిషి జాతికే ముప్పు రావచ్చన్న ప్రకటన మీద సంతకం పెట్టారు. ముప్పంటూనే తయారీ ఆపరు. ఎందుకంటారు?

కోఠి_కిరణ్:
పైసలే మనోహరన్నా, ఇంకేముంటది? 2015 డిసెంబర్ల ఓపెన్‌ఏఐ పెట్టినప్పుడు లాభాపేక్ష లేని సంస్థ అన్నరు. 2019ల లాభాల కంపెనీ పెట్టి, మొదటి పెట్టుబడిదారులకు పెట్టినదానికి వంద రెట్ల దాకనే లాభం అని హద్దు గీసిన్రు. (వంద రెట్లు గూడ ఒక హద్దేనా!) అదే ఏడు మైక్రోసాఫ్ట్ వంద కోట్ల డాలర్లు పెట్టింది. 2025 అక్టోబర్ల ఆ హద్దు గూడ పాయె.

సీతాఫల్‌మండి_సుధ:
కిరణ్ గారూ, పైసల లెక్క సరే, ఓట్ల లెక్క వదిలేశారు. ప్రసంగాలు పక్కన పెట్టి, ఎవరిని ఎవరు తీసెయ్యగలరో చూడండి.

2023 నవంబర్ 17న ఓపెన్‌ఏఐ బోర్డు ఆల్ట్‌మన్‌ని తీసేసింది. కాగితాల ప్రకారం బోర్డుదే తుది మాట. అయినా వారం తిరక్కుండా ఆయన వెనక్కొచ్చారు. సుమారు 770 మంది ఉద్యోగుల్లో 700 మందికి పైగా వెళ్లిపోతామని సంతకాలు చేశారు. వాళ్లకి ఉద్యోగాలిస్తామని మైక్రోసాఫ్ట్ తలుపులు తెరిచింది (అక్కడ సీఈఓ మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్లే). పైగా కంపెనీకి 8,600 కోట్ల డాలర్ల విలువ కట్టి ఉద్యోగుల షేర్లు కొనే బేరం అప్పుడే నడుస్తోంది. ఆయన పోతే అదీ పోతుందన్న భయం. చేతిలో ఒక్క షేరు లేని మనిషి బోర్డునే మార్చేశాడు. కాబట్టి "వాటా లేదు" అన్న మాటతో ఏదీ తేలదు.

ఫేస్‌బుక్ వాళ్ల మెటా సంగతి వేరు. అక్కడ క్లాస్ బి అనే ప్రత్యేక షేరుకి పది ఓట్లు, అవి ఎక్కువగా జకర్‌బర్గ్ చేతిలోనే, కాబట్టి సగానికి పైగా ఓట్లు ఆయనవే. వాళ్ల ఏఐ మోడల్ లామా 2 అందరికీ ఉచితమన్నారు. లైసెన్సు చదివితే, నెలకి 70 కోట్ల మందికి మించి యూజర్లున్న కంపెనీ విడిగా అనుమతి అడగాలి. అంటే పెద్ద పోటీదారులకి గేటు వేసే ఉంది. ప్రకటనల మీద బతికే కంపెనీ మోడల్‌ని ఊరికే పంచితే, మోడల్ అమ్ముకుని బతికేవాడికే దెబ్బ.

మస్క్ గురించి ఒక్క ముక్క: ఏఐని ఆరు నెలలు ఆపండంటూ ఆయన సంతకం చేసిన లేఖ, ఆయన సొంత ఏఐ కంపెనీ ఎక్స్‌ఏఐ రిజిస్ట్రేషన్, రెండూ 2023 మార్చిలోనే.

నల్లకుంట_నరేశ్:
సుధ గారూ, అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? డీప్‌మైండ్ వాళ్ల ఏఐ ఆల్ఫాఫోల్డ్‌తో 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకృతులు 2022లో ఉచితంగా ఇచ్చారు. హసాబిస్‌కి 2024 కెమిస్ట్రీ నోబెల్ ఊరికే రాలేదు.

సీతాఫల్‌మండి_సుధ:
అది నిజమైన మేలే, కాదనను. కానీ ఆల్ఫాఫోల్డ్ 3 చూడండి. 2024 మేలో పేపర్ వచ్చింది, కోడ్ రాలేదు. రోజుకిన్ని అని లెక్కపెట్టి సర్వర్‌లో వాడుకోనిచ్చారు. శాస్త్రవేత్తలు గొడవ చేశాక నవంబర్లో కోడ్ వదిలారు, వెయిట్స్ (మోడల్ నేర్చుకున్న అంకెలు, అవి లేకుండా అది నడవదు) మాత్రం అడిగిన పరిశోధకులకే. మధ్యలో అడ్డొచ్చిందేంటంటే ఐసోమార్ఫిక్ వ్యాపారం: అది మందుల తయారీకి 2021లో పెట్టిన డీప్‌మైండ్ సోదర కంపెనీ.

కోఠి_కిరణ్:
మరి ఆంత్రోపిక్ల బోర్డుల ఎక్కువమందిని ఎన్నుకునే హక్కు ఒక ట్రస్టుకు ఇచ్చిన్రంట గదా, అది నయమే కాదా?

నల్లకుంట_నరేశ్:
నయమే. కాకపోతే వాటాదారుల్లో భారీ మెజారిటీ ఒక్కటైతే, ట్రస్టీలు ఒప్పుకోకపోయినా ఆ ఏర్పాటు మార్చొచ్చని వాళ్లే రాసుకున్నారు. అమెజాన్, గూగుల్ డబ్బు అక్కడా ఉంది.